నిన్నటి అన్నము తినవచ్చునా?

తెల్లవారిన తరువాత మన వంటయిండ్లలో ప్రతిదినము ఒక చిన్న విచారణ జరుగుచుండును. ఇల్లాలు రాత్రి మూతపెట్టిన గిన్నెను తెరచును. ముఖమునకు దగ్గరగా తెచ్చుకొని వాసన చూచును. ఒక మెతుకు తీసి వ్రేళ్ల నడుమ నలిపి చూచును. క్షణకాలము ఆలోచించును. అంతటితో తీర్పు వెలువడును. ఆ అన్నము తాళింపు మూకుటిలోనికి పోవును, లేదా కుడితి గోలెములోనికి పోవును, లేదా, చెప్పుటకు సిగ్గుగా ఉన్నను చెప్పక తప్పదు, పనిమనిషి గిన్నెలోనికి పోవును. ఈ విచారణలో సాక్షి ముక్కు ఒక్కటియే. ఆ సాక్షి మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఇప్పుడు మనము చూడవలసిన విషయము.

నా చిన్ననాట మా యింట జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. వేసవికాలము. పుట్టువెండ్రుకల వేడుకకని బంధువులు వచ్చియుండిరి. రాత్రి భోజనములకు గుండిగెడు అన్నము వండిరి. వత్తుమన్నవారు కొందరు రాలేదు. సగము గుండిగ మిగిలినది. దానిపై తడిగుడ్డ కప్పి, వంటయింటి మూలకు జరిపి, అందరును డాబాపైకి పోయి నిద్రించిరి. మరునాటి ఉదయమున మా అమ్మ గుండిగ ముందు నిలిచి, "వదినా, ఈ అన్నం పిల్లలకి పెట్టొచ్చంటావా?" అని మా మేనత్తను అడిగినది. మా మేనత్త మాటకు మా యింట తిరుగులేదు. ఆమె వంగి వాసన చూచి, మెతుకు నలిపి, "జిగురు లేదు, పాచి వాసనా లేదు. నిక్షేపంలా ఉంది. నిమ్మకాయ పిండి తాళింపు పెట్టు. ఇంత అన్నం పారేస్తే కళ్లు పోతాయి" అన్నది.

ఎనిమిది గంటలకు పిల్లలమందరము తింటిమి. రుచిగనే ఉన్నది. పదిగంటలు కాకముందే ఒకరి వెనుక ఒకరము వాంతులు చేసికొనసాగితిమి. పెద్దపిల్లలము మధ్యాహ్నమునకు తేరుకొంటిమి. రెండేండ్ల పసివాడొకడు మాత్రము కన్నులు లోతుకుపోయి, నాలుక పిడచకట్టి, పిలిచినను పలుకని స్థితికి వచ్చెను. వానిని రిక్షాలో ఆస్పత్రికి కొనిపోయి సెలైను ఎక్కించిరి. మరునాటి సాయంకాలమునకు గాని వాడు నవ్వలేదు. ఇంటిలో కొందరు దిష్టి యనిరి, కొందరు ఎండదెబ్బ యనిరి. ఆస్పత్రిలోని డాక్టరు మాత్రము ఆ అన్నము వాసన ఎట్లున్నదని అడుగనేలేదు. ఆయన అడిగినది రెండు మాటలే. "ఎప్పుడు వండారు? తెల్లవారేదాకా ఎక్కడ ఉంచారు?"

ఆ రెండు ప్రశ్నలలో ఎంత శాస్త్రమున్నదో నాకు చాల ఏండ్ల తరువాత గాని తెలియలేదు.

ఆహారమును పాడుచేయు సూక్ష్మజీవులు వేరు, మనిషిని పాడుచేయు సూక్ష్మజీవులు వేరు. మొదటి రకమువి అన్నములోని పిండిపదార్థమును, పప్పులోని మాంసకృత్తులను విడగొట్టి పుల్లని, కుళ్లిన, మురిగిన వాసనలు పుట్టించును. వాటి పని మన ముక్కునకు వెంటనే తెలియును. ఆ ఆహారము తినుటకు రోతగా ఉండునే గాని, తిన్నంతమాత్రమున ప్రతిసారి జబ్బు చేయదు. రెండవ రకమువి చాలవరకు ఏ వాసనయు పుట్టింపవు, రంగు మార్పవు, రుచి చెరుపవు. లక్షలుగా పెరిగియున్నను ఆహారము నిన్న ఎట్లున్నదో నేడును అట్లే కనుపించును. మన భాషలో చెడిన ఆహారమునకు మాటలు సమృద్ధిగా ఉన్నవి. అన్నము పాచును, పిండి పులియును, పండు కుళ్లును, బియ్యము ముక్కును. ఇవి యన్నియు ముక్కునకు, నాలుకకు, కంటికి తెలిసిన మార్పులు. వాసన లేకుండ, జిగురు లేకుండ చెడిన అన్నమునకు మాత్రము మనకు మాట లేదు. ముక్కునకు తెలియని దానికి మాట పుట్టుట కష్టమే గదా!

ఈ పొరపాటు మన ఇల్లాండ్రది మాత్రమే కాదు. పందొమ్మిదవ శతాబ్దములో ఐరోపా పండితులును ఇట్లే తలంచిరి. ఇటలీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంచెస్కో సెల్మీ 1870 తరువాతి దశకములో, కుళ్లిన మాంసమునుండి పుట్టు పదార్థములకు 'టోమెయిన్'లని పేరుపెట్టెను. గ్రీకు భాషలో శవమునకు గల పేరునుండి వచ్చిన మాట అది. ఆహారము తిని జబ్బుపడినవారెల్ల ఈ టోమెయినుల వలననే జబ్బుపడిరని వైద్యులు చాలకాలము నమ్మిరి. కుళ్లు లేనిచోట విషము లేదని దీని తాత్పర్యము. 1888లో జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌసెన్ అను ఊరిలో జబ్బుచేసిన ఆవు మాంసము తిని పలువురు మంచము పట్టిరి, ఒకడు మరణించెను. ఆగస్ట్ గేర్ట్‌నర్ అను వైద్యుడు ఆ మాంసమునుండియు, మృతుని శరీరమునుండియు ఒకే జాతి సూక్ష్మజీవిని వేరుపరచెను. నేడు సాల్మొనెల్లా అని పిలువబడు కుటుంబమునకు చెందినది అది. దోషము కుళ్లులో లేదు, సజీవమైన క్రిమిలో ఉన్నదని తేటపడినది. అయినను టోమెయిన్ అను మాట పత్రికలలోను, జనుల నోళ్లలోను మరి యెన్నో ఏండ్లు నిలిచినది. ముక్కు మీది నమ్మకము అంత సులభముగా పోవునది కాదు.

ఇక అన్నము సంగతి. బియ్యపు గింజ పొలమునుండి వచ్చునపుడే దానితో మట్టిలోని క్రిమి యొకటి వచ్చును. దాని పేరు బాసిల్లస్ సీరియస్. ఇది విపరీతమైన వేడి తగిలినపుడు చావదు. గింజలో మొలక దాగినట్లు, గట్టి కవచములో ముడుచుకొని నిద్రించును. ఎసరు తెర్లుచుండగా దానితోడి క్రిములన్నియు నశించును, ఇది మాత్రము మిగులును. గంజి వార్చి, గిన్నె దింపి, మూతపెట్టితిమి. అన్నము మెల్లగా చల్లారుచున్నది. గోరువెచ్చదనము వచ్చునప్పటికి ఆ కవచములు పగులును, క్రిములు మేలుకొనును. పోటీకి మరియొక క్రిమి లేదు, కడుపునిండ ఆహారమున్నది, తడి యున్నది, వెచ్చదనమున్నది. మనమే వాటికి పందిరి వేసి, విందు పెట్టి, తలుపు మూసినట్లయినది.

అనుకూలమైన వెచ్చదనములో ఇటువంటి క్రిమి ఇంచుమించు ఇరువది నిమిషములకొకసారి రెండుగా చీలును. రాత్రి తొమ్మిది గంటలకు ఒక్క క్రిమి మేలుకొన్నదనుకొందము. పది గంటలకు ఎనిమిది, పదునొకండు గంటలకు 64. అప్పటికింకను భయము లేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లెక్క చూడుడు: 20,97,152. మొదటి రెండు గంటలలో పుట్టినవి డజన్లలో ఉండగా, చివరి రెండు గంటలలో పుట్టినవి ఇరువది లక్షలు! రాత్రి పడుకొనబోవునపుడు "తెల్లవారి చూతములే" అనుకొను ఒక్క మాటలో ఎంత వ్యత్యాసమున్నదో ఈ లెక్కయే చెప్పును.

"మరల వేడి చేసితిమి గదా, క్రిములు చచ్చియుండునే" అని మీరు అడుగవచ్చును. నిజమే, క్రిములు చచ్చును. కాని అవి పెరుగునపుడు అన్నములో విడిచిన విషపదార్థము చావదు. ప్రాణము లేని దానికి చావెక్కడిది? వాంతులు పుట్టించు ఈ విషము 121 డిగ్రీల వేడిలో గంటన్నర సేపు ఉంచినను చెడదని పరీక్షలలో తేలినది. మన ప్రెషరు కుక్కరు వేడి ఇంచుమించు అంతయే. ఇక మూకుటిలో పది నిమిషములు తాళించిన మాత్రమున ఏమగును? మా మేనత్త చెప్పిన నిమ్మరసము కూడ అంతే. తెల్లవారిన తరువాత పిండిన పులుపు రాత్రి పుట్టిన విషమును విరువలేదు. అర్ధగంటనుండి ఆరు గంటలలోపల వాంతులు మొదలగుట ఈ విషము లక్షణము. మేము తిన్నది ఎనిమిదికి, వాంతులు పదింటికి లోపల. లెక్క సరిపోయినది. ఇదే క్రిమి మరియొక విధముగా ప్రేగులలో విషము పుట్టించి, ఆరు మొదలు పదునైదు గంటల తరువాత విరేచనములు కలిగించుటయు కలదు.

ఈ రెండవ విధమును మొదట నిరూపించినవాడు నార్వే దేశపు స్టైనార్ హౌగె అను శాస్త్రజ్ఞుడు. 1947 తరువాత కొన్ని ఏండ్లలో ఓస్లో నగరపు ఆస్పత్రులలో వనిల్లా పాయసము వంటి యొక తీపిపదార్థము తిని వందలమంది జబ్బుపడిరి. అది ముందునాడు వండి, చల్లని చోట పెట్టక వదలివేసినది. హౌగె తాను అనుమానించిన క్రిమిని అట్టి పదార్థములోనే పెంచి, 200 మిల్లీలీటర్లు స్వయముగా త్రాగెను. పదమూడు గంటల తరువాత ఆయనకు కడుపునొప్పియు, విరేచనములును పట్టుకొన్నవి. ఈ సాహసము ఎవరికిని మార్గదర్శకము కాదు గాని, ఆనాటినుండి ఈ క్రిమిని నిరపాయమైనదని ఎవరును అనలేదు. ఇంగ్లండులో 1971 మొదలుకొని చైనా భోజనశాలలలో వేపుడన్నము తిన్నవారు వాంతులతో ఆస్పత్రులకు వచ్చిరి. అచట వంటవారు సాయంకాలమున అన్నము వండి రాత్రి యంతయు బయటనే ఉంచి, మరునాడు నూనెలో వేపుచుండిరి. చల్లని పెట్టెలో పెట్టిన అన్నము ముద్దకట్టునని వారి భయము. మా గుండిగ కథయు వారి కథయు ఒకటియే.

ఇంతవరకు వినినవారు ఒక ఆక్షేపణ తప్పక తెచ్చెదరు. "మన తాతలు చద్దన్నము తిని పొలము దున్నలేదా? పెద్దల మాట చద్దిమూట అని సామెతయే కలదే!" ఇది తోసివేయదగిన ఆక్షేపణ కాదు. దీనిని కొంచెము నిదానముగా చూడవలెను.

చద్దన్నము అనగా రాత్రి మిగిలి మూలనున్న అన్నము కాదు. అది చేసిన వంటకము. భోజనములయిన వెంటనే అన్నములో చల్లని నీరు పోయుదురు, లేదా పాలుపోసి తోడు వేయుదురు, లేదా తరవాణి కుండలో కలుపుదురు. నీరు పోయుటతో అన్నము గంటలకొలది గోరువెచ్చగా నిలువక త్వరగా చల్లారును. మట్టికుండ యైనచో దాని ఒంటినుండి తడి ఆరుచు లోపలి దానిని మరికొంత చల్లబరచును. అంతకంటె ముఖ్యమైనది పులుపు. తోడులోనుండియు, పాత తరవాణిలోనుండియు వచ్చిన మేలుచేయు క్రిములు లక్షలుగా దిగి, ఆమ్లమును పుట్టించి, ఆ స్థలమును ఆక్రమించును. పులుపెక్కిన కొలది హానిచేయు క్రిములలో చాలవాటికి పెరుగుట కష్టమగును. అనగా మన పెద్దలు గిన్నెను ఖాళీగా వదలలేదు, కాపలా పెట్టిరి. ఇడ్లీపిండి, పెరుగు, మజ్జిగ కూడ ఈ కాపలాతోనే నిలుచుచున్నవి.

ఐతే ఈ కాపలా సకాలమున పెట్టవలెను. పదకొండు గంటల వరకు వెచ్చగా మగ్గిన అన్నములో పడుకొనబోవు ముందు పెరుగు కలుపుట దొంగలు పడిన తరువాత తలుపు గడియ వేయుటయే. నీరు పోయని, తోడు వేయని, పులుపు లేని ఉత్త అన్నమునకు చద్దన్నపు గౌరవము చెల్లదు. నేడు పలు ఇండ్లలో చద్దన్నము పేరిట తినుచున్నది ఈ రెండవ రకపు అన్నమే.

ప్రయాణములకు పులిహోర కట్టుకొనుటలోను ఇదే తెలివి కలదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె, మెతుకు మెతుకునకు అంటిన పొడితనము, వీటన్నిటి మూలమున అది ఉత్త అన్నముకంటె ఎక్కువసేపు నిలుచును. వేడి యన్నమును తాంబాళములో పరచి, చల్లార్చి, పులుసు కలుపు పద్ధతి యున్నదే, అదియు ప్రయోజనము లేనిది కాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయములో తామసాహారమునకు చెప్పిన లక్షణములలో 'యాతయామము' అన్నది మొదటిది. ఈ మాటకు వ్యాఖ్యాతలు వేరువేరు అర్థములు చెప్పినను, వండి ఒక జాము, అనగా మూడు గంటలు, గడచినదని చెప్పువారు కలరు. కుళ్లిన వాసన గలదానికి అచటనే వేరుగ మరియొక మాట యున్నది. కాలమును వాసనను రెండు వేరు దోషములుగ లెక్కించుట నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించును. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నయు కాలమును గురించినదే గదా!

మూడు గంటలన్న మాట మన వేసవికి ఎక్కువయే. వండిన ఆహారమునకు 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్న వెచ్చదనము అపాయకరమైనది. ఆ నడుమ రెండు గంటలకు మించి ఉంచరాదనియు, గాలి వేడి 32 డిగ్రీలు దాటినపుడు ఒక గంటకు మించరాదనియు ఆహార శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రెంటచింతలలోను, విజయవాడలోను, రామగుండములోను మేనెలలో మధ్యాహ్నపు వేడి ఎంతో మీకు చెప్పనక్కరలేదు. చలిదేశములలో తెల్లవారువరకు వంటయింటి బల్లపై నిలుచు కూర మన యింట సాయంకాలము వరకు నిలువదు. చలిదేశపు పుస్తకము చూచి మన గిన్నెను నమ్మరాదు.

అన్నము గురించి ఎక్కువ చెప్పితిని, మిగిలినవాటిని గురించి త్వరగా చెప్పెదను. ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టఫిలోకాకస్ అను క్రిమి నివసించుచుండును. వ్రేలిపై చీముపట్టిన కురుపున్నచో అందును అదే యుండును. వండిన తరువాత చేతితో కలిపినవి, తురిమినవి, ఉండలు చుట్టినవి, కోవా, కొబ్బరి పచ్చడి వంటివి, ఈ క్రిమికి మిక్కిలి అనుకూలమైనవి. ఇదియు వేడికి లొంగని విషమునే విడుచును, దీనికిని వాసన లేదు. పెండ్లి వంటలలో పెద్ద పాత్రలలో వండిన మాంసపు కూర, బిరియానీ రాత్రి యంతయు పాత్రలోనే యుండిన, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అను మరియొక కవచధారి క్రిమి మేలుకొనును. దానికి నచ్చిన వేడిలో అది పది నిమిషములలోపలనే రెండగును. ఇది పెద్ద పాత్రల జబ్బు. పాత్ర ఎంత పెద్దదో చల్లారుట అంత ఆలస్యము. ముద్ద మందము రెట్టింపైనచో నడిమి భాగము చల్లారుటకు ఇంచుమించు నాలుగు రెట్ల కాలము పట్టును. గుండిగ పైన చేయి పెట్టి చూచి చల్లారినదనుకొందుము, నడుమ ఇంకను పొగలు గ్రక్కుచుండును.

వేడి పోకుండ కాపాడు డబ్బాలు నేడు ప్రతి యింట ఉన్నవి. రాత్రి ఎనిమిదికి వాటిలో పెట్టిన అన్నము పదింటికి తిన్నచో సుఖమే. కాని మిగిలినదానిని తెల్లవారువరకు అందే ఉంచుట క్రిములకు ఊయల కట్టుటయే. పొగలు వచ్చునంత వేడి వాటిని పెరుగనీయదు, గోరువెచ్చని వేడియే పెంచును.

రెఫ్రిజిరేటరున్న ఇండ్లలో ఈ బాధ యెల్ల తీరినదని తలంచుట సహజము. అది చంపు యంత్రము కాదు, ఆపు యంత్రము. 4 డిగ్రీల చలిలో చాల క్రిములు పెరుగుట మాని పడియుండును, బయటికి తీసినంతనే మరల లేచును. అందు పెట్టకముందు బయట గడచిన గంటలను అది వెనుకకు తీసికొనిపోలేదు. తెల్లవారి తొమ్మిదింటికి గుర్తువచ్చి, "అయ్యో, మరచితిమి" అని లోపల పెట్టిన రాత్రి పప్పు భద్రమైనది కాదు, చల్లనైనది మాత్రమే. వేడి గిన్నె పెట్టిన యంత్రము చెడునని చెప్పి చల్లారువరకు బయట ఉంచువారు కలరు. వెడల్పైన పళ్లెములో రెండంగుళములకు మించని మందమున పరచినను, గిన్నెను చల్లని నీటి పళ్లెములో నిలిపి గరిటెతో కలిపినను, ఆవిరి అరగంటలో తగ్గును. అప్పుడు మూతపెట్టి లోపల ఉంచవచ్చును. అట్లు పెట్టిన అన్నమును మరునాటిలోపల, కూరలను మూడు నాలుగు దినములలోపల ముగింపవలెను. తినునంత మాత్రమే తీసి, నడిమి భాగము వరకు పొగలు వచ్చునట్లు ఒక్కసారి వేడి చేయవలెను. మొత్తము గిన్నెను రోజునకు రెండుసార్లు తీసి, వేచి, మరల పెట్టుట మన ఇండ్లలో మామూలు. అట్లు చేయు కొలది ఆ గిన్నె వెచ్చని ఘడియల గుండ ఎన్నిసార్లు నడచినదో ఆలోచింపుడు.

కరెంటు పోయినపుడు తలుపు తెరువక యుంచినచో రెఫ్రిజిరేటరులోని చలి సుమారు నాలుగు గంటలు నిలుచును. మంచుగడ్డ అర నిండుగా ఉన్నచో అందు ఇంచుమించు రెండు దినములు నిలుచును. ఎంతసేపు కరెంటు పోయినదో తెలియని ఇంటిలో, ఊరినుండి తిరిగివచ్చి చూచినపుడు అంతయు చల్లగనే యున్నదని సంతోషింపరాదు.

వెనుక మూల నెక్కడో మరువబడిన డబ్బా ఒకటి ప్రతి యింట ఉండును. దానిలో ఏమున్నదో, ఎప్పటిదో ఇంటిలో ఎవరును చెప్పలేరు. "కొంచెము నాలుకకు తగిలించి చూతము" అనుటకంటె అపాయమైన పరీక్ష లేదు. బొటులినం అను క్రిమి గాలి చొరని చోట, ఉప్పు పులుపులు చాలని చోట పుట్టించు విషము అత్యల్పమైన మోతాదులోనే నరములను స్తంభింపజేయును. 1895లో బెల్జియము దేశపు ఎల్లెజెల్ అను పల్లెలో ఒక అంత్యక్రియకు వచ్చిన వాద్యగాండ్రు ఊరవేసిన పందిమాంసము తిని జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాంసములోనే ఈ క్రిమిని కనుగొనెను. మన ఆవకాయ నూనెలో మునిగియున్నను భయపడనక్కరలేదు, దానికి మామిడి పులుపును, ఉప్పును రక్ష. ఉప్పు పులుపులు లేక ఉత్త వెల్లుల్లి నూనెలో ముంచి వారములకొలది బయట ఉంచుట మాత్రము వేరు సంగతి. ఉబ్బిన డబ్బా ఆహారమును తెరచి చూడకయే పారవేయవలెను.

బూజును గురించి ఒక మాట. మెత్తని ఆహారముపై కనుపించు పచ్చని మచ్చ చెట్టునకు పైనున్న పువ్వు వంటిది. దాని వేళ్లు లోపల వ్యాపించియుండును. పైపొర తీసివేసి తినుట చాలదు. బూజులలో కొన్ని పుట్టించు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమును చెరచును, వంటవేడికి పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రముల గిరిజన పల్లెలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ సంగతిని పరిశోధించిరి. ఆ పల్లెలవారికి మరియొక ధాన్యము లేదు. మనకు వేరుసెనగ డబ్బాలో నాలుగు గింజలు రంగుమారినపుడు వాటిని ఏరి పారవేయుటకు వెనుదీయవలసిన పనిలేదు.

కాకి ముట్టలేదు గనుక చెడినదనియు, పిల్లి తిన్నది గనుక మంచిదనియు చెప్పువారిని నేనెరుగుదును. పిల్లి జబ్బుపడువరకు వేచియుండు ఓపిక వారిలో ఎవరికిని ఉండగా చూడలేదు.

ఇన్ని చెప్పినను, అన్నము పారవేయుటకు మన చేయి రాదు. రాకూడదు కూడ. ఒక మెతుకు వెనుక ఎంత నీరు, ఎంత చెమట యున్నదో తెలిసిన జాతి మనది. ఐతే ఆ సంకటము ఎవరి విస్తరిలో తీరుచున్నదో గమనింపుడు. చాల ఇండ్లలో నిన్నటిది ఇల్లాలి వంతు. అందరకు వేడిగా వడ్డించి, తాను మాత్రము "వృథా పోతుందని" పాతది తినును. గర్భవతియైన కోడలు కూడ అట్లే తినును. చలిలో సైతము పెరుగు లిస్టీరియా అను క్రిమి గర్భిణికి, కడుపులోని బిడ్డకు ఎంత హానికరమో ఆమెకు ఎవరును చెప్పరు. పనిమనిషికి పెట్టునది కూడ మన పిల్లలకు పెట్టదగినదే కావలెను. సందేహమున్నది గనుక ఆమెకు పెట్టుట దానము కాదు. పసివారు, వృద్ధులు, గర్భిణులు, జబ్బుపడి లేచినవారు ఉన్న ఇంట, సందేహము కలిగిన గిన్నెను గురించి రెండవ ఆలోచన వలదు.

వాంతులు, విరేచనములు పట్టుకొన్నపుడు మొదటి మందు నీరే. ఆస్పత్రులలోను, మందుల దుకాణములలోను దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచుండవలెను. మూత్రము ఆగినను, రక్తము పడినను, పసివాడు మత్తుగా ఉన్నను ఆలస్యము చేయరాదు. కనురెప్పలు వాలుట, వస్తువులు రెండుగా కనుపించుట, మ్రింగుట కష్టమగుట జరిగినచో గడియ కూడ ఆగరాదు. డాక్టరు దగ్గరకు పోవునపుడు ఏమి తిన్నదియు, ఏ వేళకు తిన్నదియు, అది ఎప్పుడు వండినదియు చెప్పగలిగియుండుట చాల మేలు.

మా మేనత్త ఆ వేసవి తరువాత వాసన చూచుట మానలేదు. అలవాటు ఎక్కడికి పోవును? కాని అంతకు ముందు మరియొక పని మొదలుపెట్టినది. మా బాబయ్య బడిపంతులు. ఆయన జేబులోనుండి సుద్దముక్క తీసికొని ఉప్పుజాడి ప్రక్కన పెట్టుకొన్నది. గిన్నె దింపినంతనే మూతపై గంట వ్రాయును. రాత్రి భోజనములు కాగానే మిగిలినదానిని తాంబాళములో పరచి, విసనకఱ్ఱ నాకిచ్చి, "విసరరా నాన్నా, ఆవిరి పోయేదాకా" అనును. ఉదయమున మా అమ్మ "వదినా, ఇది పెట్టొచ్చా?" అని అడిగిన, గిన్నెలోనికి చూడక ముందు మూతవైపు చూచును. మూతపై ఏమియు వ్రాసి లేకున్న, "ఇదెప్పటిదో ఎవరికీ తెలీదమ్మా, కుడితిలో పొయ్యి" అనును.